భుజం కొలతే హ్యాండిల్ కొలత

రవిక కుట్టించుకోవడానికి వెళితే టైలరక్క ముందుగా టేపు పెట్టే చోట్లలో భుజం ఒకటి. అక్కడ అరంగుళం తప్పిందంటే మిగతా రవిక ఎంత బాగా కుదిరినా చెయ్యెత్తినప్పుడల్లా పట్టేస్తుంది, లేదా జారిపోతుంది. ఈ సంగతి మనకెవరూ నేర్పక్కర్లేదు. కానీ అదే భుజాల బరువును రోజూ సైకిల్ హ్యాండిల్ మీద మోపుతాం గదా, ఆ హ్యాండిల్ మనకెంత వెడల్పు ఉండాలని ఎప్పుడైనా అడిగామా? దుకాణంలో ఏది ఉంటే అది తెచ్చుకుంటాం. ప్లస్ వన్‌లో ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే సైకిలైతే పొట్టి పిల్లకీ పొడుగు పిల్లకీ అదే. నాలుగు రోజులు తొక్కి మెడ పట్టేస్తే "నాకు సైకిల్ పడదే" అనుకుని మూలన పెట్టేస్తాం. చాలాసార్లు పడనిది సైకిల్ కాదు, కొలత.

ఈ కొలత గురించి ఈమధ్య ఎక్కువ చర్చ జరిగేది గ్రావెల్ బైక్ విషయంలో. రేసు సైకిల్ లాగానే పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిల్, కానీ టైర్లు లావు, 35 నుంచి 50 మిల్లీమీటర్ల దాకా ఉంటాయి. గ్రావెల్ అంటే కంకర. తారు రోడ్డూ, కంకర దారీ, మట్టి బాటా అన్నీ ఒకే సైకిల్ మీద తొక్కడానికి చేసిందన్నమాట. మన కంబం లోయకు అచ్చంగా అలాంటిదే కావాలి. కుమిళి వైపు వెళ్ళే రోడ్డు తారు. దాని మీంచి పక్కకు దిగితే కాలువ గట్టు, ద్రాక్షతోటల మధ్య మట్టి బాట, కొబ్బరితోటల్లో గులకరాళ్ళు.

ముందు వెడల్పు ఏం చేస్తుందో చూద్దాం. తిరగలి తిప్పినవాళ్ళకు ఇది తెలుసు. పిడి నడిమి నుంచి ఎంత దూరంగా ఉంటే తిప్పడం అంత తేలిక, కానీ చెయ్యి అంత పెద్ద సున్నా చుట్టాలి. హ్యాండిల్ కూడా అంతే. వెడల్పుగా ఉంటే ముందు చక్రం రాయి మీద పడి పక్కకు తిరగబోయినా కొంచెం బలంతోనే ఆపగలం. నెమ్మదిగా పోయేటప్పుడు, కంకరలో దిగేటప్పుడు పట్టు బాగుంటుంది. ఇరుకుగా ఉంటే సైకిల్ చటుక్కున తిరుగుతుంది. తారు మీద అది హాయే గానీ, వదులు రాళ్ళ మీద వణికినట్టుంటుంది.

అయితే ఎంత వెడల్పైతే అంత మంచిదేనా? కాదు. చేతులు మరీ విడిపోతే మోచేతులు బిగుసుకుపోతాయి. మోచెయ్యి కాస్త వంగి ఉంటేనే గతుకుల దెబ్బను అది మింగుతుంది. బిగుసుకుపోతే ఆ దెబ్బంతా భుజానికీ మెడకూ ఎక్కుతుంది. రెక్కల మధ్య లాగడం, మణికట్టు బయటికి వంగడం ఇందుకే. ఇంకోటి గాలి. ఆడి గాలికి అమ్మికల్లు కూడా ఎగురుతుందని తమిళంలో సామెత ఉంది కదా. ఆ నెలలో ఎదురుగాలికి తొక్కేవాళ్ళకు చేతులు చాచిన ప్రతి అంగుళమూ బరువే.

ఇక మన కొలత. ఆడవాళ్ళలో చాలామందికి భుజాల ఎముకల మధ్య దూరం 33 నుంచి 38 సెంటీమీటర్లలోపు ఉంటుంది. మగవాళ్ళకు సాధారణంగా ఇంతకంటే ఎక్కువ. దుకాణంలో చిన్న సైజు గ్రావెల్ బైక్ కొన్నా దానికి 40, 42 హ్యాండిల్ బిగించి ఉండటం మామూలే. ఫ్రేమ్ చిన్నదైంది గానీ హ్యాండిల్ మన భుజాన్ని చూసి పెట్టింది కాదు.

ఇది మన ఒక్కళ్ళ గొడవ కాదు. అంతర్జాతీయ సైక్లింగ్ సంస్థ యూసీఐ, రోడ్డు పందేల్లో హ్యాండిల్ బయటి అంచు నుంచి బయటి అంచుకు కనీసం 400 మిల్లీమీటర్లు ఉండాలని 2025లో ప్రకటించింది. 2026 జనవరి 1 నుంచి అమలు. గాలిని తప్పించుకోవడానికి కొందరు మరీ ఇరుకైన హ్యాండిల్ వాడుతున్నారు, అది ప్రమాదం అని కారణం. వెంటనే మహిళా రైడర్ల వైపు నుంచి అభ్యంతరాలు వచ్చాయి: భుజాలు సన్నగా ఉన్నవాళ్ళ మాటేమిటి? బ్రేక్ పిడుల లోపలి అంచుల మధ్య మొదట 320 మిల్లీమీటర్లు అన్నదాన్ని తర్వాత 280కి తగ్గించారు గానీ, మొత్తం వెడల్పు 400 అలాగే ఉంది. ప్రపంచస్థాయిలో పోటీ పడేవాళ్ళకే కొలత కోసం అడగాల్సి వస్తే, మనం దుకాణంలో అడగడానికి మొహమాటం దేనికి?

కొలవడం ఇలా. రవిక కొలత ఇక్కడ సరిపోదు, ఎందుకంటే టేపు వీపు వంపు వెంట పోతుంది. మనకు కావాల్సింది తిన్నని దూరం. గోడకు వీపు ఆనించి నిలబడండి. భుజం పైన చేత్తో తడుముతూ బయటికి పోతే, చెయ్యి కిందికి దిగేచోట ఒక గట్టి ఎముక అంచు తగులుతుంది. రెండువైపులా ఆ అంచులకు సూటిగా స్నేహితురాలి చేత గోడ మీద పెన్సిల్ గీతలు పెట్టించండి. పక్కకు జరిగి రెండు గీతల మధ్య దూరం కొలవండి. రెండుసార్లు కొలిస్తే మంచిది. హాస్టల్ గోడైతే ముందు పాత కాగితం అంటించుకోండి, వార్డెనమ్మతో మాట పడక్కర్లేదు.

తారు మీదే తొక్కేవాళ్ళకు ఆ కొలతకు దగ్గరి సైజు చాలు. కంకర, మట్టి బాట ఎక్కువైతే 2 సెంటీమీటర్లు కలపండి. రాళ్ళ దారిలో దిగడం ఎక్కువైతే 4. అంతకు మించొద్దు. ఈ హ్యాండిళ్ళు 38, 40, 42, 44 అని రెండేసి సెంటీమీటర్ల తేడాతో వస్తాయి. మీ భుజం 36 అయితే మట్టి బాటకు 38, రాళ్ళ దారికి 40.

ఇక్కడ ఒక చిక్కుంది. కొన్ని కంపెనీలు గొట్టం నడిమి నుంచి నడిమికి కొలుస్తాయి, కొన్ని బయటి అంచు నుంచి బయటి అంచుకు. బ్రేక్ పిడి బిగించేచోట గొట్టం లావు 23.8 మిల్లీమీటర్లు. అంటే ఒకే హ్యాండిల్‌ను ఒకరు 40 అంటే ఇంకొకరు 42.4 అంటారు. పైన చెప్పిన సైజులు నడిమి నుంచి నడిమికి, బ్రేక్ పిడుల దగ్గర కొలిచినవి. యూసీఐ చెప్పిన 400 బయటి లెక్క. గొట్టం నడిమి నుంచి నడిమికి లెక్కేస్తే అది దాదాపు 37.6.

గ్రావెల్ హ్యాండిల్‌లో ఇంకో సౌకర్యం ఉంది. దాని కొమ్ములు తిన్నగా కిందికి దిగవు, బయటికి వాలి ఉంటాయి. దీన్ని ఫ్లేర్ అంటారు, డిగ్రీల్లో చెబుతారు. 16 డిగ్రీల వాలు, 12 సెంటీమీటర్ల లోతు ఉంటే ఒక్కోవైపు సుమారు మూడున్నర సెంటీమీటర్లు బయటికి పోతుంది. పైన 38 ఉన్న హ్యాండిల్ కింద 45 అవుతుంది. పైన పట్టుకుంటే భుజానికి హాయి, కొండ దిగేటప్పుడు కింద పట్టుకుంటే వెడల్పు పట్టు. సన్నని భుజాలవాళ్ళకు పెద్ద హ్యాండిల్ కంటే ఇదే మేలు.

గ్రావెల్ బైక్ లేదు, మామూలు తిన్నని హ్యాండిల్ సైకిలే ఉందంటారా? మీ పని ఇంకా సులువు. కళ్ళు మూసుకుని, గోడను తోస్తున్నట్టు రెండు అరచేతులూ ఆనించండి. చేతులు తమంతట తాము ఎక్కడ ఆగాయో చూసి, అరచేతుల నడిమి దూరం కొలవండి. మీ సైకిల్ పిడుల నడిమి దూరం దీనికంటే బాగా ఎక్కువుంటే, మెకానిక్ అన్నతో చెప్పి బ్రేకులనూ పిడులనూ ఒక్కోవైపు ఒక సెంటీమీటరు లోపలికి జరిపించండి. వారం తొక్కి చూడండి. హాయిగా ఉంటే అప్పుడు చివరలు సమానంగా కోయించొచ్చు. ముందే కోయించొద్దు, కోసింది మళ్ళీ అతకదు. వెనక్కి వంగిన పాతకాలపు హ్యాండిలైతే కోయడం కుదరదు, మార్చుకోవడమే. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతుంటే సీటు ముందుకు వాలి ఉందేమో కూడా చూసుకోండి, బరువంతా చేతుల మీద పడుతుంటుంది.

1990ల మొదట్లో పుదుక్కోట్టై జిల్లాలో అరివొళి ఇయక్కం అనే అక్షరాస్యతా ఉద్యమం వేలాదిమంది ఆడవాళ్ళకు సైకిల్ నేర్పింది. ఆడవాళ్ళ సైకిళ్ళు చాలకపోతే వాళ్ళు మగవాళ్ళ సైకిళ్ళే తొక్కారు. పైగా, ముందున్న కడ్డీ మీద బిడ్డను కూచోబెట్టుకోవచ్చని దాన్నే కోరుకున్నవాళ్ళూ ఉన్నారు. దొరికినదాంతో సర్దుకుని వాళ్ళు మనకు రోడ్డు తెరిచారు. మనం ఇంకొక్క మాట అడగొచ్చు: "అన్నా, దీంట్లో 38 ఉందా?" అది అడగాలంటే ముందు మన కొలత మనకు తెలియాలి. ఈ సాయంత్రమే ఒక టేపు, ఒక పెన్సిలు, ఒక స్నేహితురాలు. అయిదు నిమిషాల పని.