దుకాణం పరుగెత్తుతుందా?

పిల్లలూ, పరుగెత్తే దుకాణాన్ని మీరెప్పుడైనా చూశారా? నేనూ చూడలేదు. కాని దాని మూలంగా ఒక కుర్రవాడి మనసు నొప్పించాను. ఆ సంగతి చెపుతాను, వినండి.

నేను పంతులుగా ఉన్న రోజులలో, మాదన్నపేట నుంచి ఒక కుర్రవాడు మా బడికి వచ్చేవాడు. వాడి తండ్రికి మండి దగ్గర కూరగాయల దుకాణం ఉండేది. ఒకనాడు పాఠంలో “హి రన్స్ ఎ షాప్” అనే వాక్యం వచ్చింది. అర్థం చెప్పమన్నాను. “రన్” అంటే పరుగెత్తటమని వాడికి నేనే నేర్పాను. అందుకని వాడు ధైర్యంగా లేచి, “అతను దుకాణంలో పరుగెత్తుతాడు” అన్నాడు. పిల్లలంతా గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాటి నుంచి వాడు ఇంగ్లీషు క్లాసులో నోరు విప్పలేదు.

తప్పు ఎవరిది? మాటకు ఒకే అర్థం నేర్పిన నాది.

నాలుగు రోజులు పోయాక క్లాసులో వాణ్ణి లేపి, “మీ నాన్న ఏం చేస్తాడురా?” అని అడిగాను.

“దుకాణం నడుపుతాడు, సార్.”

“నడుపుతాడా? దుకాణానికి కాళ్ళున్నాయా?”

వాడు తెల్లబోయాడు.

“మీ పక్క దుకాణంవాళ్ళు ఉర్దూలో ఏమంటారు?”

“దుకాన్ చలాతే అంటారు, సార్.”

“చూశావా! ఉర్దూలో ‘చల్‌నా’ అన్నా నడవటమే. మనమూ, వాళ్ళూ దుకాణాన్ని నడిపిస్తాం. ఇంగ్లీషువాళ్ళు పరుగెత్తిస్తారు. అంతే తేడా!”

మళ్ళీ క్లాసంతా నవ్వింది. ఈసారి వాడు కూడా నవ్వాడు.

ఇంగ్లీషులో నది పారటమూ “రన్”, జలుబు చేస్తే ముక్కు కారటమూ “రన్”, బస్సు నడవటమూ “రన్”, క్రికెట్‌లో పరుగూ “రన్”. అమెరికాలో ఎన్నికలకు “పరుగెత్తుతారు”. బ్రిటన్‌లో మనలాగే “నిలబడతారు”! ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు మొదటి కూర్పు 1928లో పూర్తి అయింది. అందులో అన్నిటికంటె పొడుగైన వివరణ “సెట్” అనే మాటకు ఇచ్చారు. ఈ శతాబ్దంలో ఆ నిఘంటువును సవరించినప్పుడు “రన్” దాన్ని మించిపోయింది. దానికి 600 పైచిలుకు అర్థాలు తేలాయి.

అమ్మో, అని బెదరకండి. మన “కొట్టు” తక్కువదా? గంట కొడతాం, చప్పట్లు కొడతాం, గోడకు సున్నం కొడతాం. ఎండ కొడుతుంది, పాచిపోయిన కూర వాసన కొడుతుంది. “కొట్టు” అంటే దెబ్బ వేయటమని మాత్రమే నేర్చుకున్న ఇంగ్లీషు పిల్లవాడు, ఈత కొట్టేవాణ్ణి చూస్తే, “పాపం, నీళ్ళు ఏం తప్పు చేశాయి?” అని అడగడూ?

ఇన్ని అర్థాలూ మీరెట్లా నేర్చారు? ఎవరూ వల్లె వేయించలేదు. పక్కనున్న మాటలను బట్టి మీకే తెలిసిపోయింది. ఇంగ్లీషు మాటనూ అట్లాగే పట్టుకోవాలి. ముక్కు పక్కన “రన్” ఉంటే కారటం, దుకాణం పక్కన ఉంటే నడపటం. కొత్త మాట కనిపించినప్పుడు దాన్ని ఒంటరిగా రాసుకోకండి, వాక్యంతో సహా రాసుకోండి.

పెద్దలకు కూడా ఒక మాట. పిల్లవాడు తప్పు అర్థం చెప్పినప్పుడు నవ్వకండి. తనకు తెలిసిన ఒక్క అర్థంతోనే వాడు ధైర్యంగా లేచి నిలబడ్డాడు. రెండో అర్థం చెప్పవలసింది మనమే.