సూది తేదీ ఎవరికి గుర్తుంటుంది?

పెనిడ్యూర్ అనే పెనిసిలిన్ సీసాలో ఉండేది తెల్లటి పొడి. అందులో డిస్టిల్డ్ వాటర్ కలిపితే పాలలా చిక్కగా అవుతుంది. ఆలస్యం చేస్తే సూదికి అడ్డం పడుతుంది. అందుకే కాస్త లావు సూదితో పిర్ర కండలోకి లోతుగా, నిదానంగా ఎక్కిస్తారు. నొప్పి బాగానే ఉంటుంది. ఆ రోజంతా కుంటుతూ తిరిగే పిల్లలుంటారు. అయినా మూడు నాలుగు వారాలకోసారి ఏళ్ల తరబడి పొడిపించుకోవాల్సిందే. రుమాటిక్ గుండె జబ్బు ముదరకుండా ఆపే మందుల్లో దీన్ని మించింది ఇప్పటికీ లేదు.

జబ్బు మొదలయ్యేది గొంతులో. 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకు స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా వల్ల గొంతు నొప్పి వస్తుంది, దానంతటదే తగ్గుతుంది, ఇంట్లో వాళ్లు మరిచిపోతారు. రెండు మూడు వారాలకు రుమాటిక్ జ్వరం. ఇవాళ మోకాలు వాస్తుంది, అది తగ్గేసరికి చీలమండ. ‘ఎదిగే వయసు, కీళ్ల వాతం’ అని సరిపెట్టుకుంటారు. కొందరికి చేతులు వాటంతటవే ఎగిరిపడతాయి. బడిలో దాన్ని అల్లరి అనుకొని తిట్టేవాళ్లూ ఉంటారు. బాక్టీరియా మీదికి శరీరం పంపిన రక్షణ కణాలు పోలిక చూసి మోసపోయి సొంత కణజాలం మీద పడటమే దీనికంతటికీ కారణం. కీళ్లు కోలుకుంటాయి. గుండె వాల్వుల మీద మాత్రం మచ్చ మిగిలిపోవచ్చు. జ్వరం తిరగబెట్టిన ప్రతిసారీ ఆ మచ్చ పెరుగుతుంది. ముఖ్యంగా మిట్రల్ వాల్వు తుప్పు పట్టిన తలుపులా సరిగా తెరుచుకోదు, లేదంటే పూర్తిగా మూసుకోదు. పెనిసిలిన్ పాత మచ్చను చెరపలేదు. ఇంకోసారి గొంతు ఇన్ఫెక్షన్ రాకుండా కాపలా కాస్తుంది, అంతే. ఆ కాపలా విలువెంతో ఉత్తర ఉగాండాలో 818 మంది పిల్లల మీద జరిగిన అధ్యయనం చూపించింది. గుండె స్కాన్ (ఎకో)లో మాత్రమే బయటపడిన తొలిదశ జబ్బు, సూది వేసిన పిల్లల్లో రెండేళ్లలో 0.8 శాతం మందికి ముదిరింది, వేయని వాళ్లలో 8.2 శాతం మందికి.

మందు ఉంది, ధర కూడా తక్కువే. లేనిదల్లా ఒక చేతి నుంచి ఇంకో చేతికి రోగిని అప్పగించే ఏర్పాటు. మన దగ్గర పరిస్థితే చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదవాళ్లకు వాల్వు మార్పిడి అందుబాటులోకి వచ్చింది. అది చిన్న సంగతి కాదు. త్రివేండ్రంలోని శ్రీచిత్ర సంస్థ తయారుచేసిన మన దేశపు వాల్వు 1990 నుంచీ వాడుకలో ఉంది. కానీ ఆపరేషన్ చేసిన ఊరు వేరు, రోగి ఊరు వేరు. డిశ్చార్జి కాగితం ఇంగ్లిషులో ఉంటుంది, దాన్ని ట్రంకుపెట్టెలో భద్రంగా దాస్తారు. లోహపు వాల్వు పెట్టించుకున్న మనిషి బతికినంత కాలం అసిట్రోమ్ లాంటి రక్తం పలచబడే మందు వేసుకోవాలి. మోతాదు సరిపోయిందో లేదో పీటీ ఐఎన్ఆర్ పరీక్షతో చూసుకుంటూ ఉండాలి. తక్కువైతే వాల్వులో గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం. మోకాళ్ల నొప్పికని మందుల షాపులో కొన్న మాత్ర కూడా ఆ లెక్కను తలకిందులు చేస్తుంది. భారత్‌తో సహా 14 దేశాల్లో 3,300 మందికి పైగా రోగుల్ని పరిశీలించిన రెమెడీ అధ్యయనంలో, పెనిసిలిన్ రక్షణలో ఉన్నవాళ్లు సగం కంటే కాస్త ఎక్కువ. రక్తం పలచబడే మందు వాడుతున్నవాళ్లలో ఐఎన్ఆర్ సరిగ్గా ఉన్నది మూడోవంతు మందికైనా కాదు.

ఆడపిల్లల విషయంలో ఈ తెగిన లంకె ఇంకా ప్రమాదకరం. గర్భం వస్తే ఒంట్లో రక్తం దాదాపు 40, 50 శాతం పెరుగుతుంది. ఇరుకైన మిట్రల్ వాల్వు అంత రక్తాన్ని దాటించలేదు. అప్పటిదాకా జబ్బున్నట్టే తెలియని అమ్మాయికి ఆరో నెలలోనో ఏడో నెలలోనో ఆయాసం మొదలవుతుంది. ‘కడుపుతో ఉంటే అంతే’ అనడం మన ఇళ్లలో మామూలే. వాల్వు మార్చినవాళ్లకైతే ఇంకో చిక్కు: రక్తం పలచబడే మాత్రలు తొలి నెలల్లో బిడ్డకు హాని చేయొచ్చు, చెప్పాపెట్టకుండా మానేస్తే తల్లి ప్రాణానికే ముప్పు. గుండె డాక్టరూ కాన్పు డాక్టరూ గర్భానికి ముందే మాట్లాడుకోవాలి. పెళ్లి చూపుల్లో జబ్బు దాచిపెట్టే సమాజంలో ఆ మాట నడవదు. ఆ మాట జరగకపోవడాన్ని రోగి తప్పుగా చూడటం నాకు అన్యాయంగా తోస్తుంది.

పెనిసిలిన్ అంటే చాలామంది డాక్టర్లకూ నర్సులకూ భయం. అలర్జీతో ఎవరైనా పోతే ఊరంతా మీద పడుతుంది. తీవ్రమైన అలర్జీ నిజానికి చాలా అరుదు. వాల్వు బాగా దెబ్బతిన్నవాళ్లు సూది వేసిన వెంటనే కుప్పకూలితే దానికి అలర్జీ కన్నా నొప్పికీ భయానికీ బలహీనమైన గుండె తట్టుకోలేకపోవడమే కారణం కావచ్చని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో చెప్పింది, అలాంటివాళ్లకు మాత్రలు మేలంది. అయితే ఎవరు ఏ కోవలో ఉన్నారో పీహెచ్‌సీ డాక్టరుకు ఎలా తెలుస్తుంది? ఎకో చూసిన డాక్టరు రాసి పంపితేనే.

క్యూబాలోని పినార్ దెల్ రియోలో 1986లో పెద్ద ఆర్భాటమేమీ లేకుండా ఈ జబ్బు నివారణ పని మొదలుపెట్టారు. రోగుల పేర్లు రిజిస్టరులో ఎక్కించారు, సూదులు క్రమంగా వేశారు, బళ్లలో, ఆసుపత్రుల్లో గొంతునొప్పి గురించి చెప్పారు. పదేళ్లలో రుమాటిక్ జ్వరం లక్షకు 18.6 నుంచి 2.5కు పడిపోయింది. క్షయ రోగి ఏ ఊళ్లో మందు మానేశాడో నిక్షయ్ పోర్టల్‌లో చూడగలిగే మనకు ఇది అసాధ్యమేమీ కాదు. బడి పిల్లల్ని పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో ఈ జబ్బు ఎలాగూ ఉంది. సూది తేదీ దాటితే ఏఎన్‌ఎమ్ ఫోనుకు కబురు వెళ్లే ఏర్పాటు ఒక్కటి జిల్లా స్థాయిలో చేసినా చాలా ఆపరేషన్లు తప్పుతాయి.

అప్పటిదాకా మీ ఇంట్లో ఈ జబ్బున్నవాళ్లుంటే, ఇంజెక్షన్ 21 రోజులకా 28 రోజులకా, ఏ వయసు దాకా అన్నది డాక్టరు చేత తెలుగులో రాయించుకోండి. వాల్వు దెబ్బతిన్నవాళ్లకు సాధారణంగా పదేళ్లో, 40 ఏళ్లు నిండేవరకో, ఏది ఎక్కువైతే అంతవరకు ఇస్తారు. పన్ను పీకించుకునే ముందు కూడా ఆ కాగితం చూపించడం మరవకండి.