హెబ్బాళ నుండి జోజి లా వరకు

గడచిన జనవరి మాసమున మా తొమ్మిదవ తరగతి బాలుడొకడు వరుసగా నాలుగు దినములు పాఠమునందు మనస్సు నిలుపక కిటికీవైపు చూచుచుండెను. కారణమడుగగా, "నాన్న లారీ కాశ్మీరు దారిలో ఆగిపోయింది అయ్యవారూ, ఫోను కలవడం లేదు" అనెను. ఆ తండ్రి హిందూపురము ప్రాంతమువాడు. బెంగళూరున సరకు నింపుకొని శ్రీనగరమునకు పోయి, అచట శీతల గిడ్డంగులలో దాచిన ఆపిలు పెట్టెలతో సింగేన అగ్రహారపు పండ్ల మార్కెట్టునకు తిరిగి వచ్చుచుండును.

"మీ నాన్న ఏ దారిన పోయెను?" అని అడిగితిమి. బాలుడు చెప్పలేకపోయెను, తరగతిలో మరి యెవరును చెప్పలేకపోయిరి. వింత యేమన, వారిలో సగము మంది సంక్రాంతికి తాత ఊరికి పోవునది ఆ దారినే. అందుచేత ఈ వ్యాసము వ్రాయవలసి వచ్చినది.

హెబ్బాళ దాటి దేవనహళ్లి, చిక్కబళ్లాపురము, బాగేపల్లి మీదుగా పెనుగొండ, అనంతపురము, కర్నూలు పోవు బాట 44వ జాతీయ రహదారి. కన్యాకుమారినుండి శ్రీనగరము వరకు ఇంచుమించు 3,745 కిలోమీటర్ల నిడివి గల ఈ రహదారి మన దేశమున అన్నిటికంటె పొడవైనది. మన ఊరినుండి శ్రీనగరమునకు దాదాపు 3,000 కిలోమీటర్లు. మేము అనంతపురమున ఉపాధ్యాయ శిక్షణ పొందు కాలమున ఈ మార్గపు రాళ్లమీద 7 అను అంకె యుండెడిది. 2010లో అంకెలు మార్చువరకు ఏడవ రహదారి కొస కాశి. 1830 మే 18న చెన్నపట్టణమునుండి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు కూడ హైదరాబాదు, నాగపురము, జబ్బలుపురముల మీదుగానే కాశి చేరిరి. 1831 సెప్టెంబరు 3న గాని వారు ఇల్లు చేరలేదు. నేటి లారీ శ్రీనగరమునకు వారము దినములలోపలనే చేరగలదు, దారి సవ్యముగ నున్నచో. ఆ షరతు చలికాలమునకు సంబంధించినది.

నాగపురము, ఝాన్సీ, ఆగ్రా వరకు మన లారీ డ్రైవర్లకు చలి కష్టమే గాని అపాయము కాదు. ఢిల్లీ మొదలు పంజాబు వరకు డిసెంబరు, జనవరులలో పొగమంచు క్రమ్మును. అచట గోధుమపైరులకు పెట్టిన నీటితో నేల చెమ్మగా నుండును. రాత్రి ఆకాశము నిర్మలమై గాలి నిలిచినపుడు నేల తన వేడిమిని విడిచి చల్లబడును. దాని నంటియున్న గాలిలోని ఆవిరి సూక్ష్మ బిందువులై తేలును. నందికొండపై మనము వేడుకగా చూచు మంచు ఎండ పొడసూపగానే తొలగును. అచటి పొగమంచు కొన్ని దినములు మధ్యాహ్నము వరకు కదలదు. వెనుక దీపము లేని చెరకు ట్రాక్టరు ముందున్నను, అది తగులునంతవరకు కనబడదు.

జమ్మూ దాటిన పిమ్మట కొండలు. అచటికి చలికాలపు మంచును తెచ్చునవి మనకు వానలు తెచ్చు ఋతుపవనములు కావు. ఎక్కడో మధ్యధరా సముద్రపు దిక్కునుండి బయలుదేరి ఇరాను, ఆఫ్ఘనిస్థానములమీదుగా వచ్చు పశ్చిమపు తుఫానులు ఆ పర్వతముల నెక్కలేక తమ తేమనంతయు మంచుగా దింపివేయును. పడమటి కనుమలు వాననంతయు ఆగుంబెలో దింపుకొని మన అనంతపురమును ఎండబెట్టుట విద్యార్థులు చదివియున్నారు గదా! హిమాలయములు కాశ్మీరమును మంచుతో నింపి వెనుకనున్న లదాఖును ఎడారి చేయుటయు అట్టిదే. ఈ రెంటి నడుమనున్న గుమ్మము జోజి లా. ఆ ప్రాంతపు భాషలో 'లా' యనగా కనుమ. కావున 'జోజి లా కనుమ' యనుట నడిరేయి రాత్రి యన్నట్లుండును. దాని ఎత్తు 3,528 మీటర్లు. నందికొండ 1,478 మాత్రమే.

మంచు పడుటకంటె అది జారుటయే భయంకరము. పాత మంచుమీది పొర ఎండకు కరగి రాత్రి గట్టిపడి నున్నబడును. దానిపై క్రొత్త మంచు కురిసినపుడు రెంటికి పట్టు చాలదు. వాలుగా పట్టిన చేటలో పిండి కొంతసేపు నిలిచి యొక్కసారిగా జారునట్లు, ఆ పైపొర కొండచరియనుండి దిగి దారిని పూడ్చును. ఇక డీజిలు మాట: చలిదినములలో సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టుట మన యిండ్లలో చూచుచున్నదే. డీజిలులోని మైనమును తీవ్రమైన చలిలో అట్లే పేరుకొని గొట్టములను మూసివేయును. సున్నకు 33 డిగ్రీలు క్రిందికి పోయినను పారునట్టి డీజిలును 2019లో లదాఖునకు ప్రత్యేకముగా పంపనారంభించిరి.

శ్రీనగరముతో మన రహదారి ముగియును గాని దారి ముగియదు. తూర్పునకు తిరిగి సోనమర్గు, బాల్తాలు, జోజి లా, ద్రాసు, కార్గిలు మీదుగా లేహ్ పోవును. ఆ భాగమున టాంకులు నడువగల దారిని మొదట వేసినవారు మన ఊరివారని చెప్పినచో పిల్లలు నమ్మలేదు. హలసూరు చెరువు దగ్గర మద్రాసు సాపర్ల సైనిక కేంద్రమును అందరు చూచియున్నారు. 1834 నుండి వారికి బెంగళూరే నెలవు. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ ప్రాంతముల యువకులు అందు చేరుదురు. 1948 సెప్టెంబరులో జోజి లాను పట్టుకొనుటకు మన సేనలు చేసిన యత్నములు విఫలమయ్యెను. టాంకులు లేక అది సాధ్యము కాదని తేలెను. అంత ఎత్తునకు అంతకుముందు ఏ సైన్యమును టాంకులను కొనిపోలేదు. ఉన్నదల్లా కంచరగాడిదలు నడుచు బాట. మేజర్ తంగరాజు నాయకత్వమున సాపర్లు బాల్తాలునుండి ఆ బాటను వెడల్పు చేసిరి. మంచు ఎరుగని దక్షిణదేశపు పిల్లలు, పైనుండి శత్రువు కాల్చుచుండగా, చలిలో రాళ్లు పగులగొట్టిరి. 7వ లైట్ కావల్రీ దళపు స్టూవర్టు టాంకులను, ఫిరంగి యుండు పైభాగములను విప్పి, రహస్యముగ కొనివచ్చిరి. అక్టోబరు 20న జరుగవలసిన దాడి మంచుతుఫానులవలన వాయిదా పడెను. నవంబరు 1న టాంకులు కనుమ దాటినవి. కొడగు బిడ్డయు, మన బెంగళూరున చదివినవాడును అగు సేనాని తిమ్మయ్యగారు ముందరి టాంకులోనే యుండిరి. ఆ నెల 15న ద్రాసు, 24 నాటికి కార్గిలు స్వాధీనమైనవి. మా అభిప్రాయమున, ఆ విజయములో టాంకులకు వచ్చిన పేరు పలుగు పారలకు రాలేదు.

ఆ బాటయే క్రమముగా రహదారియైనను చలికాలమున నాలుగైదు మాసములు మూతబడుచుండెడిది. 1960లో ఏర్పడిన సరిహద్దు రహదారుల సంస్థవారు మంచును తొలగించుటలో ఎంత ముందడుగు వేసిరనగా, 2023లో 68 దినముల మూతతోనే మార్చి 16న కనుమ తెరువబడెను. ఇక సొరంగములు: బానిహాలు వద్ద 1956లో తెరచిన జవహర్ సొరంగము, 2017లో చెనాని-నాశ్రీల నడుమ 9 కిలోమీటర్లది, 2021లో బానిహాలు-ఖాజీగుండుల నడుమ ఎనిమిదిన్నర కిలోమీటర్లది, 2025 జనవరి 13న సోనమర్గు వద్ద ఆరున్నర కిలోమీటర్లది. జోజి లా క్రింద 13 కిలోమీటర్ల సొరంగపు పని 2020 అక్టోబరులో మొదలైనది. దాని చేపట్టినది హైదరాబాదు కంపెనీ.

ఆరవ దినమున తండ్రి ఫోను చేసెను. రామబనము దగ్గర కొండ విరిగిపడి లారీలన్నియు వరుసగా నిలిచిపోయినవట. ఊరు చేరిన పిమ్మట ఆయన మా పాఠశాలకు వచ్చినపుడు, దారిలో దేనికి ఎక్కువ భయపడితిరని అడిగితిమి.

"తెల్లగా కనపడే మంచుతో భయం లేదు అయ్యవారూ. తారుమీద అద్దం మాదిరి పేరుకుంటుంది చూడండి, కింద నలుపే కనపడుతుంది, అదే ప్రాణం తీసేది. బ్రేకు తొక్కితే బండి మన మాట వినదు. గేరు తగ్గించి, కాలు తీసేసి, దాని మానాన దాన్ని దిగనియ్యాల. మరీ ఎక్కువైతే చక్రాలకు ఇనుప గొలుసులు చుట్టుకుంటాం."

"మరి ఫోను?"

"నాది ముందే డబ్బు కట్టుకునే నెంబరు. జమ్మూ పొలిమేర దాటితే మన పక్క నెంబర్లు పని చెయ్యవు. ఆ సంగతి ఇంట్లో చెప్పిపోవడం మరిచితిని."

ఈ సంగతి తల్లిదండ్రులు గుర్తుంచుకొనవలెను. నెలకొకసారి బిల్లు కట్టు పోస్టుపెయిడు ఫోను మాత్రమే అచట పలుకును.

ఆయన మరల ఉత్తరమునకు పోయియున్నారు. ఈమారు పోస్టుపెయిడు నెంబరు తీసికొనిరి. దానిని బాలుడు తన తెలుగు వాచకపు అట్ట లోపల వ్రాసికొని, దాని క్రింద హెబ్బాళ మొదలు శ్రీనగరము వరకు ఊళ్ల పేర్లు వరుసగా కూర్చుకొనెను. ఝాన్సీకి దీర్ఘము తప్పినది, దిద్దితిమి.