గాలి ముందా, పట్టు ముందా?

ట్యూబ్‌లెస్ టైరులో గాలి నిలవాలంటే దాని అంచు రిమ్ముని గట్టిగా పట్టుకుని ఉండాలి. అంచు రిమ్ముని పట్టుకోవాలంటే లోపల గాలి ఉండాలి. విత్తు ముందా చెట్టు ముందా అన్నట్టున్న ఈ చిక్కు బండి సాఫీగా నడిచినన్నాళ్లూ ఎవరికీ కనబడదు. అంచు ఒక్కసారి జారిందంటే చిన్న కంప్రెసర్ ఎంతసేపు ఆడినా లాభం ఉండదు. కొట్టిన గాలి కొట్టినట్టే చుట్టూ ఉన్న సందులోంచి బుస్సున పోతుంది. ఆ మొదటి గాలిని ఎలాగైనా లోపల ఆపడానికి మనుషులు పన్నిన ఉపాయాల్లోనే ఈ టైరు తెలివి అంతా తెలుస్తుందని నా నమ్మకం.

ఈ టైరుని అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్‌లో ఉన్న బి.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీ 1947లో లోకానికి చూపించింది. రూపొందించిన ఇంజనీరు ఫ్రాంక్ హెర్జెగ్. 1952లో పేటెంటు వచ్చింది. 1955 నాటికి అమెరికాలో కొత్త కార్లు ఈ టైర్లతోనే రావడం మామూలైపోయింది. గాలిని అంత తేలిగ్గా బయటికి పోనివ్వని బ్యూటైల్ రబ్బరు ఈ టైరు కంటే పదేళ్ల ముందే, 1937లో, స్టాండర్డ్ ఆయిల్ ప్రయోగశాలలో పుట్టింది. మొదట దాంతో ట్యూబులు చేశారు. తర్వాత క్లోరిన్, బ్రోమిన్ చేర్చిన దాని రకాలు టైరు లోపలి పొరగా స్థిరపడ్డాయి. ఒకరకంగా ట్యూబు ఎక్కడికీ పోలేదు, టైరులో కలిసిపోయింది.

ఇక అంచు సంగతి. దాన్నే బీడ్ అంటారు. అందులో సాగని ఉక్కు తీగల చుట్ట ఉంటుంది. అది కూర్చునే చోట రిమ్ము వాలుగా ఉంటుంది: కారుకి 5 డిగ్రీలు, ట్యూబ్‌లెస్ లారీ టైరుకి 15 డిగ్రీలు. గాలి తోసేకొద్దీ బీడ్ ఆ వాలు మీద బయటివైపు ఎక్కుతూ బిగుసుకుంటుంది. కారు రిమ్ము మీదైతే ఒక చిన్న గట్టుని కూడా దూకాలి. అందుకే బీడ్ కూర్చునేటప్పుడు పక్కకొకటి చొప్పున రెండుసార్లు ‘టప్’మని వినిపిస్తుంది.

మేకు దిగిన పంచర్ అంత కష్టమైన పని కాదు. మేకు పీకి, ఆకురాయిలాంటి చువ్వతో కన్నాన్ని గరుకు చేసి, జిగురు పూసిన స్ట్రిప్ దూర్చి, బయట మిగిలిన తోక కోసేస్తారు. బండి ముందుకు సాగడానికి ఇది చాలు. కానీ టైరు విప్పి లోపలినుంచి ప్యాచ్ వేస్తేనే అది పూర్తి మరమ్మతు. టైరు పక్కగోడకి కన్నం పడితే మాత్రం ఏ స్ట్రిప్పునీ నమ్మకూడదు.

అసలు పనితనం బీడ్ ఎక్కించడంలో ఉంది. మొదట వాల్వు పిన్ను తీసేస్తారు. దారి వెడల్పవుతుంది, గాలి జోరుగా దూరుతుంది. సందులోంచి పోయే గాలికంటే లోపలికి వచ్చే గాలి ఎక్కువైన క్షణాన బీడ్ కదులుతుంది. సబ్బు నీళ్లు పూస్తే రబ్బరు జారుతుంది, సన్నటి సందులు నురుగుతో మూసుకుంటాయి. చిన్న టైరైతే నడుం చుట్టూ తాడు కట్టి, ఒక రాడ్డు దూర్చి మెలిపెడతారు. నడుం నొక్కుకుంటే పక్కగోడలు రిమ్ము వైపు ఉబ్బుతాయి. ఉక్కు బెల్టులున్న కారు రేడియల్ టైరు దీనికి అంత తేలిగ్గా లొంగదు. లారీ టైరుకి నాకు బాగా నచ్చిన ఉపాయం వేరే ఉంది. టైరుని పడుకోబెట్టి, పై బీడ్‌కీ రిమ్ముకీ మధ్య సందులో పాత సైకిల్ ట్యూబుని పెట్టి, దానికి గాలి కొడతారు. ట్యూబు సందుని మూసేస్తుంది. టైరు నిండేకొద్దీ బీడ్ పైకి లేచి ట్యూబుని తనే బయటికి నెట్టేస్తుంది. ట్యూబు అక్కర్లేదన్న టైరుని కూర్చోబెట్టేది మళ్లీ ట్యూబే! కొండ సైకిళ్లవాళ్లు ప్లాస్టిక్ కూల్‌డ్రింక్ సీసాలో పంపుతో గాలి కుక్కి ఒక్కసారిగా టైరులోకి వదులుతారు. సీసా పగిలితే ముక్కలు కంట్లోకి ఎగురుతాయి కాబట్టి దాని చుట్టూ మందపాటి గుడ్డ చుట్టాల్సిందే.

ఐస్‌లాండ్ హిమానీనదాల మీద నడిచే జీపులది ఇంకో లోకం. మంచులో కూరుకుపోకుండా టైర్లలో గాలిని 2, 3 పౌండ్లకి దించేస్తారు. అంత మెత్తబడ్డ టైరు తరచూ రిమ్ము నుంచి జారుతుంది. చలికి ఇంజన్లు స్టార్ట్ చేయడానికి వాడే ఈథర్ స్ప్రేని అక్కడి డ్రైవర్లు టైరులోకి కొట్టి అంటిస్తారు. ఈథర్ మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా అంటుకునేంత ఆవిరినిస్తుంది. లోపలి గాలి ఒక్కసారిగా వేడెక్కి వ్యాకోచించి బీడ్‌ని ఢామ్మని రిమ్ము మీదికి విసురుతుంది. పని అంతటితో అయిపోదు. మంట ఆరి వాయువులు చల్లబడగానే, దహనంలో పుట్టిన నీటి ఆవిరి నీరైపోతుంది, ఒత్తిడి మొదటికంటే తగ్గుతుంది. వెంటనే గాలి కొట్టకపోతే ఎక్కిన బీడ్ మళ్లీ లోపలికి జారవచ్చు. పాళ్లు తప్పితే టైరే పేలుతుంది. మనిషి జాడలేని మంచులో వేరే దారిలేక చేసే ఈ పనిని, కూతవేటు దూరంలో కంప్రెసర్ ఉన్న మన రోడ్ల మీద ఎవరూ అనుకరించకూడదు.

ఏ ఉపాయంతో ఎక్కించినా చివర్లో చూడాల్సింది ఒకటుంది. టైరు పక్కగోడ మీద, రిమ్ము అంచుని ఆనుకుని ఒక సన్నని గీత చుట్టూతా ఉంటుంది. రిమ్ముకీ గీతకీ మధ్య దూరం అంతటా ఒకేలా ఉంటే బీడ్ సరిగా కూర్చున్నట్టు. ఒకచోట గీత లోపలికి దిగిపోయి కనిపిస్తే గాలి ఇంకా ఇంకా ఎక్కించకూడదు. మొత్తం తీసేసి, మళ్లీ సబ్బు నీళ్లు పూసి, మొదటినుంచి మొదలుపెట్టాలి.