ఉలకడు, పలకడు – ఎందుకని?

తిరుపతిలో మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరిగే వారం రోజులూ ఇల్లు పట్టుకుని కూర్చునేవాళ్లు బహు తక్కువ. ఒకనాడు బైరాగి వేషం, ఇంకొకనాడు బండ వేషం, ఆ తరవాత తోటి, దొర, మాతంగి, సున్నపు కుండలు! ఊరంతా వీధుల్లోనే ఉంటుంది. అలాంటి రోజుల్లో కూడా తలుపు దగ్గరగా వేసుకుని, పాత రేడియో ఒకటి విప్పి ముందు పెట్టుకుని కూర్చునే కుర్రవాడు మీ వీధిలో ఎవరైనా ఉన్నాడేమో గమనించండి. రమ్మంటే రానంటాడు. ఒక్కడివే ఉంటే విసుగు పుట్టదా అంటే పుట్టదంటాడు. మెచ్చుకుంటే పొంగడు, తిడితే కుంగడు. బెల్లం కొట్టిన రాయిలా ఉన్నాడే అని ఇంట్లోవాళ్లు తల పట్టుకుంటారు.

ఇతనికేమయింది? గాలి సోకిందని అవ్వ తాయెత్తు కట్టిస్తుంది. పొగరని తోటి పిల్లలంటారు. ఈ మధ్య ఏదో పత్రిక తిరగేసిన అన్నయ్య ఉంటే 'స్కిజాయిడ్' అని తీర్పు చెప్పేస్తాడు. మొదటి రెండు మాటలకూ విజ్ఞానశాస్త్రంలో చోటు లేదు. మూడో మాటకు చోటు ఉంది కాని, నూటికి తొంభై సార్లు దాన్ని తప్పుగానే వాడుతున్నారు. అందుకే ఆ మాట సంగతేమిటో చూద్దాం.

మనిషి ఆలోచించే తీరు, స్పందించే తీరు, నలుగురితో మెలిగే తీరు – వీటన్నిటినీ కలిపి మనశ్శాస్త్రంలో మూర్తిమత్వం అంటారు. బి.ఇడి.లో మాకు ఇదొక పెద్ద పాఠం. స్విట్జర్లాండుకు చెందిన యూంగ్ 1921లో మనుషులను అంతర్ముఖులు, బహిర్ముఖులు అని చెప్పాడు. అంతర్ముఖుడు కొద్దిమందితోనే స్నేహం చేస్తాడు, సందడిలో అలసిపోతాడు. అది జబ్బు కాదు. ఒకరు పొడుగు, ఒకరు పొట్టి అయినట్టే ఇదీను. నేను పాఠాలు చెప్పిన పాతికేళ్ల పైచిలుకు కాలంలో ప్రతి తరగతిలోనూ ఇలాంటి పిల్లలు నలుగురైదుగురు కనిపిస్తూనే వచ్చారు. వాళ్ల ప్రయోగాల నోటుపుస్తకాలు మిగతావాళ్ల వాటికంటే శుభ్రంగా ఉంటాయని కూడా చెప్పాలి!

మరి రుగ్మత ఎప్పుడవుతుంది? ఆ తీరు గట్టిపడిపోయి, ఏళ్ల తరబడి ఏ సందర్భంలోనూ మారకుండా, మనిషి బతుకును ఇబ్బంది పెడుతున్నప్పుడు దాన్ని మూర్తిమత్వ రుగ్మత అంటారు. వాటిలో ఒకటి స్కిజాయిడ్ రకం. వైద్యులు దీనికి ఏడు గుర్తులు చెప్పుకున్నారు. కుటుంబంతో సహా ఎవరితోనూ దగ్గరితనం కోరకపోవడం, ఎప్పుడూ ఒంటరి పనులనే ఎంచుకోవడం, పెళ్లి, దాంపత్యం మీద ఆసక్తి లేకపోవడం, ఏ పనిలోనూ పెద్దగా ఆనందం కలగకపోవడం, అమ్మానాన్నలూ తోబుట్టువులూ తప్ప ఆప్తులు లేకపోవడం, పొగడ్త, తెగడ్త రెండూ సోకకపోవడం, ముఖంలో ఏ భావమూ పలక్కపోవడం. వీటిలో కనీసం నాలుగు ఉండాలి. యౌవనం నాటి నుంచి అవి నిలకడగా కనిపించాలి. ఇంకో జబ్బు వల్ల వచ్చినవి కాకూడదు. పద్దెనిమిదేళ్లు నిండనివారికి వైద్యులు ఈ పేరు పెట్టడానికి వెనుకాడతారు. మూర్తిమత్వం ఇంకా తయారవుతూ ఉండే వయసు అది. కాబట్టి ఎనిమిదో తరగతి పిల్లవాడిని తోటివాడు స్కిజాయిడ్ అన్నాడంటే, పచ్చి మామిడికాయను చూసి చెట్టుకు తెగులు పట్టిందన్నట్టే.

అమెరికాలో 2001–2002లో జరిపిన ఒక పెద్ద సర్వేలో వయోజనుల్లో నూటికి సుమారు ముగ్గురిలో ఈ లక్షణాలు కనిపించాయి. ఆసుపత్రికి వచ్చేవారు మాత్రం చాలా తక్కువ. తనకు బాధేమీ లేదనుకునే మనిషి వైద్యుడి దగ్గరికి ఎందుకు వస్తాడు?

ఇక పేరు తెచ్చిన చిక్కు ఒకటుంది. 'స్కిజీన్' అంటే గ్రీకు భాషలో చీల్చడం. జూరిచ్‌లోని బ్లాయిలర్ అనే వైద్యుడు 1908లో స్కిజోఫ్రీనియా అనే మాట పుట్టించాడు. స్కిజాయిడ్ కూడా ఆయన బడిలోనుంచి వచ్చిందే. పేర్లు అక్కాచెల్లెళ్లలా ఉన్నా రెండూ ఒకటి కావు. స్కిజోఫ్రీనియా ఉన్నవారికి లేని మాటలు వినిపించవచ్చు, ఎవరో తనకు కీడు తలపెడుతున్నారన్న గట్టి నమ్మకం కలగవచ్చు. స్కిజాయిడ్ మనిషికి అవేవీ ఉండవు. అతనికి నిజమేదో, ఊహేదో బాగా తెలుసు. ఒకే మనిషి ఇద్దరుగా మారిపోవడమని సినిమాల్లో చూపేది ఈ రెండింటిలో ఏదీ కాదు.

ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. నలుగురిలోకి వెళ్లాలని లోపల ఆశ ఉండి, నవ్వుతారేమోనన్న భయంతో వెనక్కి తగ్గేవారు వేరు. 1980కి ముందు వీరిని కూడా స్కిజాయిడ్ గంపలోనే వేసేవారు. ఆ ఏడు అమెరికా మనోవైద్యులు తమ పుస్తకం మూడో కూర్పులో ఈ భయస్థుల రకాన్ని విడదీశారు. ఆటిజం ఉన్నవారు కూడా ఒంటరిగా కనిపించవచ్చు. అయితే అది పసితనం నుంచే ఉంటుంది, ఎదుటివారి ముఖకవళికలు చదవడమే వారికి కష్టం.

పైకి కనిపించే తీరును బట్టి పేరు పెట్టడం ఎంత కష్టమో తెలియాలంటే హెన్రీ కావెండిష్ కథ వినండి. 1766లో హైడ్రోజన్ ప్రత్యేక వాయువని చూపినవాడు, 1798లో భూమి సాంద్రత నీటికంటే 5.48 రెట్లని లెక్కకట్టినవాడు ఈయనే. నేటి లెక్క 5.51. ఆనాటి తూనికతో ఎంత దగ్గరగా వచ్చాడో చూశారా! ఇంత మేధావి మనుషులను చూస్తే తప్పుకునేవాడు. రాత్రి భోజనానికి ఏం కావాలో చీటీ రాసి బల్లమీద పెట్టేవాడట. పనిమనిషి ఎదురు పడకుండా ఇంట్లో రెండో మెట్లవరస కట్టించుకున్నాడని కూడా చెబుతారు. విద్యుత్తు మీద చేసిన పరిశోధనలు చాలావాటిని అచ్చు వేయించనే లేదు. ఆయన 1810లో పోతే, మాక్స్‌వెల్ వాటిని వెలికితీసి 1879లో ప్రచురించాడు. ఈయన స్కిజాయిడ్ మనిషేనా? 2001లో ఆలివర్ శాక్స్ అనే నాడీవైద్యుడు ఆటిజం తరహా లక్షణాలు ఉన్నాయేమోనని రాశాడు. చనిపోయినవారిని ఎదుట కూర్చోబెట్టి అడగలేం కదా! రెండు పేర్లూ ఊహలే.

ఈ తీరు ఎందుకు వస్తుందన్నదానికి ఒక్క కారణం లేదు. వంశపారంపర్యం కొంత ఉంది. స్కిజోఫ్రీనియా ఉన్నవారి బంధువుల్లో ఇది కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది. ఆప్యాయత కరువైన బాల్యం కూడా తోడవుతుందంటారు.

చికిత్స సంగతి ఆసక్తికరమైనది. దీనికని ప్రత్యేకించి మందు బిళ్ళ ఏదీ లేదు. కుంగుబాటో, ఆందోళనో తోడైతే వాటికి మందులిస్తారు. అసలు వైద్యం మాట. మాట్లాడడమే ఇష్టంలేనివాడికి మాటతో వైద్యమేమిటని మీరు నవ్వవచ్చు. అక్కడే వైద్యుడి నేర్పంతా ఉంది. ఆయన తొందరపడడు. నీ మనసులో ఏముందో చెప్పు అని గుచ్చి గుచ్చి అడగడు. వచ్చినవాడు నోరు మెదపకపోతే తానూ కాసేపు ఊరికే కూర్చుంటాడు. రేడియోలంటే ఇష్టమా? అయితే రేడియోల గురించే మాట్లాడతాడు. వారానికోసారి, అదే గది, అదే వేళ. ఇలా నెలలు గడిచాక, ఇంకొక మనిషి దగ్గర ఉన్నా తనకేమీ ముప్పు లేదన్న అనుభవం అతనికి కలుగుతుంది. స్కాట్లండుకు చెందిన ఫెయిర్‌బెయిర్న్ 1940 ప్రాంతంలో ఒక మాట రాశాడు. ఇలాంటివారు పైకి బండరాయిలా ఉన్నా లోపల ఊహల ప్రపంచం ఒకటి దాచుకుని ఉంటారని ఆయన అభిప్రాయం. అందరి విషయంలోనూ అది నిజమని చెప్పలేం కాని, కొందరితో పనిచేసేటప్పుడు వైద్యులకు అది దారి చూపుతుంది.

కొందరికి పలకరింపు, ఎదుటివారి కళ్ళలోకి చూడడం, ఒక సంభాషణను ముగించడం వంటివి పాఠంలా నేర్పుతారు. తరవాత నలుగురైదుగురు కూర్చునే చిన్న గుంపులో చేరుస్తారు. మొదట్లో మూల కుర్చీలో కూర్చుని వింటే చాలు. అతన్ని వాగుడుకాయను చేయాలన్నది ఎవరి ఉద్దేశమూ కాదు. ఉద్యోగం నిలబెట్టుకోవడం, ఒంట్లో బాగాలేనప్పుడు ఎవరికైనా చెప్పుకోగలగడం, ఒకరిద్దరితో తెంచుకోని బంధం – ఇంతవరకు వస్తే మంచి ఫలితమే. ఒంటరిగా చేసే పని దొరికితే ఇలాంటివారు రాణిస్తారు కూడా. గాదంకిలో వాతావరణాన్ని పరిశీలించే పెద్ద రాడార్ ఉంది కదా, అలాంటిచోట యంత్రాల అంకెలు రాసుకునే పనిని మనలో చాలామంది శిక్ష అనుకుంటాం. వారికి అది హాయి.

మన ప్రాంతంలో మాత్రం దీనికి వేరే చికిత్స ఒకటి అమలులో ఉంది. "పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుంది" అంటారు పెద్దలు. నాకు ఈ మాట వింటే ఒళ్ళు మండుతుంది. పెళ్ళి మందు కాదు. సర్దుకోకపోతే ఆ ఇంటికి వచ్చిన పిల్ల బతుకేమిటి? పెళ్లిమాట ఎత్తక ముందే వైద్యుడిని కలవాలి.

కలవడానికి దూరం పోనక్కరలేదు. తిరుపతి రుయా ఆసుపత్రిలో మనోవైద్య విభాగం ఉంది. చిత్తూరు వాళ్ళకు పొలిమేర దాటితే వేలూరు. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల 1957లో బాగాయంలో మానసిక ఆరోగ్య కేంద్రం తెరిచి, రోగితోపాటు ఇంటివారిని కూడా ఉండనిచ్చింది. గొలుసులు, కటకటాలు మామూలైన ఆ రోజుల్లో అది పెద్ద మార్పు. ఇటు బెంగుళూరులో 1974లో ఏర్పడిన నిమ్హాన్స్ ఉంది. అన్నట్టు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలు చేస్తున్న కొత్త వర్గీకరణలో స్కిజాయిడ్ అన్న పేరే విడి రకంగా లేదు. రుగ్మత స్వల్పమా, మధ్యస్థమా, తీవ్రమా అని చూసి, నిర్లిప్తత అనే లక్షణం ఉందని రాసుకుంటారు.

పిల్లలూ, మొదటినుంచీ మౌనంగా ఉన్నవాడి సంగతి వేరు. నిన్నటిదాకా కబడ్డీ కూతకు ముందుండేవాడు హఠాత్తుగా నెల రోజులుగా మాట మానేసి, అన్నం మానేసి, నిద్రపోకుండా మూలకు చేరితే అది వేరు. అది కుంగుబాటు కావచ్చు, మరో జబ్బు తొలి గుర్తు కావచ్చు. అదే రోజు ఇంట్లో పెద్దలకో, అయ్యవారికో చెప్పండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలిమానస్ అనే ఫోను సేవ మొదలుపెట్టింది. నెంబరు 14416. పగలైనా రాత్రయినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు.