వెండి జుట్టు, విడవని జ్వరం: రక్తపు చుక్కలో బయటపడే గుట్టు

కాగజ్‌నగర్: పుట్టిన బిడ్డ జుట్టు వెండిలా మెరుస్తుంటే గ్రహణ దోషమని ఒకరు, బాలనెరుపని మరొకరు అంటారు. ఆ బిడ్డకు మాటిమాటికీ జ్వరం, చీముగడ్డలు వస్తుంటే మాత్రం మాటలతో కాలం గడపరాదు. అది చెడియాక్-హిగాషి అనే అరుదైన వంశపారంపర్య వ్యాధి కావచ్చు.

1943లో క్యూబా డాక్టరు బెగెజ్ సీజర్ ఈ వ్యాధిని మొదట వివరించారు. 1952లో అదే దేశపు చెడియాక్, 1954లో జపానుకు చెందిన హిగాషి రాసిన వ్యాసాలతో దీనికి ఆ పేరు వచ్చింది. ప్రపంచంలో ఇంతవరకు నమోదైన కేసులు 500 లోపే.

మన ఒంట్లో తెల్ల రక్తకణాలు కావలివాళ్ల వంటివి. రోగక్రిములను మింగి, తమలోని చిన్న చిన్న సంచుల్లో ఉన్న రసాలతో చంపుతాయి. ఈ వ్యాధిలో ఆ సంచులు ఒకదానికొకటి అతుక్కుని పెద్ద ముద్దలవుతాయి. కణం క్రిమిని మింగుతుంది గాని చంపలేదు. చర్మంలో రంగునిచ్చే మెలనిన్ సంచులూ ఇలాగే ముద్దకట్టి, రంగు జుట్టుకు, ఒంటికి సరిగా చేరదు. వెండి జుట్టుకు కారణమిదే. ఎండకు కళ్లు తట్టుకోలేవు. చిన్న దెబ్బకే ఒళ్లు కమిలిపోతుంది.

లోపం ఉన్న జన్యువును 1996లో కనుగొన్నారు. తల్లి, తండ్రి ఇద్దరిలోనూ ఆ లోపం దాగి ఉంటేనే బిడ్డకు వ్యాధి వస్తుంది. వారిద్దరూ ఆరోగ్యంగానే కనిపిస్తారు. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. మన జిల్లా గూడేల్లో తెలిసిన సికిల్‌సెల్ వ్యాధి కూడా ఈ తీరుగానే సంక్రమిస్తుంది. అది ఎర్రకణాలది, ఇది తెల్లకణాలది. మేనరికాల్లో ఒకే తాతముత్తాతల లోపం ఇరువైపులా దిగే అవకాశం ఎక్కువ. కనుక కోడలినొక్కదాన్నే ఆడిపోసుకోవడం అన్యాయం.

గుర్తించడానికి మొదటి పరీక్ష పెద్ద ఖర్చుది కాదు. రక్తపు చుక్కను గాజు పలకపై పూసి, రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే తెల్లకణాల్లో ఆ ముద్దలు కనిపిస్తాయి. తర్వాత జన్యు పరీక్షతో నిర్ధారిస్తారు.

ఆలస్యమైతే జ్వరం తగ్గక, కాలేయం, ప్లీహం ఉబ్బి ప్రాణం మీదికి వస్తుంది. అంతకుముందే ఎముక మజ్జ మార్పిడి చేస్తే రక్తకణాలు బాగుపడతాయి. సరిపోయే మజ్జ తోబుట్టువుల్లో దొరకవచ్చు. అయితే జుట్టు రంగు మారదు. పెద్దయ్యాక నరాల బలహీనత రావచ్చు.

వెండి జుట్టున్న ప్రతి బిడ్డకూ ఈ వ్యాధి ఉండదు. అయినా పదే పదే జ్వరం వస్తుంటే రక్తం స్లైడు చూడమని డాక్టరును అడగాలి. అనుమానముంటే హైదరాబాదులోని నీలోఫర్ పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్లవచ్చు. మరో కాన్పుకు ముందు నిమ్స్ జన్యు వైద్య విభాగంలో దంపతులిద్దరూ సలహా తీసుకోవడం మేలు.