పడవను ఏ రేవుకు కట్టాలి?

పడవ నడపడం ఓ విద్య. దాన్ని ఆపి ఉంచడం అంతకంటే పెద్ద విద్య. కాకపోతే నడిచే పడవను అందరూ చూస్తారు, ఒడ్డున ఆగి ఉన్న పడవను ఎవరూ పట్టించుకోరు. ఏరు పొంగిన రాత్రి కట్టు తెగితేనో, గుంజ ఊడితేనో తప్ప రేవు సంగతి ఎవరికీ గుర్తుకురాదు.

2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ వాసులకు ఆ సంగతి బాగానే గుర్తుకొచ్చింది. కృష్ణమ్మకు 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. ఎగువనున్న భారీ ఇనుప పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీని ఢీకొన్నాయి. గేట్లను ఎత్తడానికీ దించడానికీ సాయపడే కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. వాటిని కొద్ది రోజుల్లోనే మార్చారు కానీ, గేట్ల దగ్గర ఇరుక్కున్న పడవల్ని బయటికి తీయడానికి మాత్రం ఇంజినీర్లు, డైవర్లు రోజుల తరబడి అవస్థ పడ్డారు. తప్పెవరిదన్నది అలా ఉంచితే, ఆ ఘటన తేల్చి చెప్పింది ఒక్కటే. ఒడ్డున ఆగని పడవ యజమానికి మాత్రమే కాదు, ఊరికే ముప్పు.

మరి పడవను ఎక్కడ కట్టాలి? కదలకుండా నిలిచి ఉండే రేవుకా, నీటితోపాటు లేచి దిగే తేలే రేవుకా?

నిలిచే రేవు... ఎప్పుడు మేలు?

రాతి మెట్లు, కాంక్రీటు గట్టు, నేలలో దిగేసిన ఇనుప స్తంభం, ఒడ్డున పాతిన గుంజ... ఇవన్నీ నిలిచే రేవులే. మనకు తరతరాలుగా తెలిసినవి ఇవే. ఒకసారి గట్టిగా కడితే ఏళ్లతరబడి పెద్దగా ఖర్చుండదు. ఊగదు కాబట్టి ముసలివాళ్లూ పిల్లలూ ధైర్యంగా అడుగేస్తారు. బస్తాలు, మోటారు సైకిళ్లు దించుకోవడమూ సులువే.

చిక్కల్లా నీటిమట్టంతోనే. రేవు కదలదు, నీళ్లు కదులుతాయి. సాయంత్రం తాడు బిగించి కట్టి వెళ్లారనుకోండి. రాత్రికి రాత్రి నీళ్లు పెరిగితే పడవ పైకి లేవబోతుంది, తాడు లేవనివ్వదు. దాంతో ముక్కు కిందికి వంగి, అంచు మీదుగా నీళ్లు లోపలికొస్తాయి. నీళ్లు తగ్గితే ఇంకో ప్రమాదం. పడవ అడుగు మెట్టు మీద ఆని ఓ పక్కకు ఒరిగిపోతుంది. అందుకే ఇలాంటి రేవులో పడవకు రాత్రంతా ఓ కాపలా మనిషి ఉండాల్సిందే. తాడు వదులుతూ, లాగుతూ ఉండాలి.

మన ఘాట్లతో మరో ఇబ్బందీ ఉంది. వాటిలో చాలావరకు స్నానాల కోసం కట్టినవి, పడవల కోసం కాదు. వరదలో మెట్లు మునిగిపోతే అవే పడవ అడుగుకు కనిపించని బండలవుతాయి.

తేలే రేవు సుఖమెంత?

లోపల గాలి నిండిన పెద్ద పెట్టెల్లాంటి పంటుల్ని ఒకదానికొకటి జోడించి, పైన చెక్కో ఇనుప పలకో పరిస్తే తేలే రేవు తయారు. ఒడ్డుకూ దానికీ మధ్య అటూ ఇటూ వంగే వంతెన ఉంటుంది. నీళ్లు పెరిగితే రేవూ పడవా కలిసి లేస్తాయి, తగ్గితే కలిసి దిగుతాయి. రెండింటి మధ్య ఎత్తు మారదు కాబట్టి గంటగంటకూ తాడు సవరించాల్సిన పని తప్పుతుంది.

2023 ఏప్రిల్‌లో మొదలైన కొచ్చి వాటర్ మెట్రో స్టేషన్లలో పెట్టింది ఇలాంటి రేవులనే. సముద్రం ఆటుపోట్లకు నీళ్లు ఎంత మారినా, చక్రాల కుర్చీలో వచ్చినవారు కూడా తిన్నగా పడవలోకి వెళ్లిపోవచ్చు. కోల్‌కతాలో హుగ్లీ మీద తిరిగే ఫెర్రీలకు కూడా పంటు రేవులు ఎప్పట్నుంచో ఉన్నాయి.

అయితే తేలే రేవు కూడా దేనికో ఒకదానికి కట్టుబడి ఉండాలి కదా! అసలు కిటుకు అక్కడే ఉంది. కొన్నిచోట్ల నదిలో నిలువు స్తంభాలు పాతి, వాటికి కడియాల్లాంటివి తొడిగి పంటును బిగిస్తారు. ఆ కడియాలు స్తంభాల వెంట పైకీ కిందికీ జారుతాయి. స్తంభం ఎత్తు ఆ చోట వచ్చే అతిపెద్ద వరద కంటే ఎక్కువ ఉండాలి. లేదంటే పంటు స్తంభం కొస దాటి తేలి, దానికి కట్టిన పడవల్ని కూడా వెంటేసుకుని పోతుంది. ఇంకొన్నిచోట్ల గొలుసులు, లంగర్లు వాడతారు. అవి తుప్పు పడుతుంటాయి, ఏటా చూసుకోవాలి.

వంతెన వాలు కూడా లెక్కే. చక్రాల కుర్చీకి వీలుగా ఉండాలంటే 12 అడుగుల పొడవుకు ఒక్క అడుగు మించి వాలు ఉండకూడదంటారు. ఆ లెక్కన నీళ్లు 10 అడుగులు తగ్గే చోట వంతెన 120 అడుగులుండాలి. ఖర్చు పెరిగేది ఇక్కడే.

నీటి తోపు నాలుగింతలు!

తాడు ఎంత గట్టిదైనా ప్రవాహం ముందు జాగ్రత్తగానే ఉండాలి. నీటి వేగం రెండింతలైతే పడవ మీద పడే తోపు రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. వేగం మూడింతలైతే తోపు తొమ్మిదింతలు. మాఘంలో చక్కగా ఆపిన తాడు శ్రావణంలో పుటుక్కున తెగేది ఇందుకే. దానికి తోడు వరదలో మానులు, చెత్త కొట్టుకొస్తాయి. అవి పంటుకూ పడవకూ అడ్డం పడి పేరుకుంటే ప్రవాహానికి ఆనకట్ట వేసినట్టే. ఈ విషయంలో తేలే రేవుకే ముప్పెక్కువ.

గోదారిలోనే మూడు లెక్కలు

ఏది మంచిదన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. ఒక్క గోదావరినే తీసుకోండి.

భద్రాచలం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులకు ఇస్తారు. 1986 ఆగస్టులో అక్కడ నీటిమట్టం 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు తాకింది. అంటే మొదటి హెచ్చరిక వచ్చాక కూడా గోదారి దాదాపు మూడంతస్తుల మేడంత లేచిందన్నమాట! ఇక్కడ మెట్ల రేవు మునుగుతుంది. తేలే రేవుకు అంతెత్తు స్తంభాలంటే తలకు మించిన ఖర్చు. మామూలు రోజులకు తేలే రేవు వాడుకుని, హెచ్చరిక రాగానే దాన్నీ పడవల్నీ ప్రవాహం తగలని చోటికి తరలించడమే దారి. పాపికొండల వైపు తిరిగే లాంచీలకూ ఇదే వర్తిస్తుంది.

రాజమహేంద్రవరం దగ్గర పరిస్థితి వేరు. దిగువన ధవళేశ్వరం బ్యారేజీ నీటిని నిలబెడుతుంది కాబట్టి వరదల్లేని రోజుల్లో మట్టం పెద్దగా మారదు. అక్కడ గట్టి కాంక్రీటు రేవు చాలావరకు సరిపోతుంది. కాకపోతే వరద రోజుల కోసం పడవను పైకి లాక్కునే వీలుండాలి.

ఇక సముద్రానికి దగ్గరగా ఉన్న నరసాపురం, యానాం వైపు వెళితే పోటుకు లేచి పాటుకు దిగే నీళ్లు. రోజుకు రెండుసార్లు ఇదే తంతు. ఇలాంటి చోట తేలే రేవుకు సాటి లేదు.

నది వెడల్పుగా, ఒడ్డు బురదగా ఉన్నచోట మూడో పద్ధతీ ఉంది. నీళ్ల మధ్య బరువైన దిమ్మ దించి, గొలుసుతో పైన బోయ తేలేసి, దానికి పడవ ముక్కును కడతారు. ప్రవాహం ఎటు ఉంటే పడవ అటు తిరుగుతుంది. చుట్టూ తిరగడానికి చోటు, ఒడ్డు చేరడానికి ఓ చిన్న నాటుపడవ తప్పనిసరి.

కట్టే ముందు చూసుకోండి

* ఆ చోట గుర్తున్న అతిపెద్ద వరద ఎక్కడిదాకా వచ్చిందో ఊళ్లో పెద్దల్ని అడగండి. పాత గోడల మీద గుర్తులుంటాయి.

* ముక్కు ఎప్పుడూ ఎగువకే ఉండాలి. ముందొకటి, వెనకొకటి... కనీసం రెండు తాళ్లు కట్టాలి. రెండూ ఒకే గుంజకు వద్దు.

* నైలాన్ తాడు సాగుతుంది కాబట్టి కుదుపును ఓర్చుకుంటుంది. పీచు తాడు తడిసి కుళ్లుతుంది. ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్ తాడును నమ్మొద్దు.

* గట్టుకు రాసుకునే చోట తాడుకు పాత రబ్బరు గొట్టం తొడగండి. పడవకు, రేవుకు మధ్య పాత టైర్లు వేలాడదీయండి.

* వరద హెచ్చరిక వినగానే పడవను తరలించండి. మూడో హెచ్చరిక దాకా ఆగితే ఏ రేవూ కాపాడలేదు.

పడవంటే కొందరికి సరదా ప్రయాణం. లంక గ్రామాల్లో బడికెళ్లే పిల్లలకు, ఆసుపత్రికెళ్లే గర్భిణులకు, కూరగాయల బుట్టతో సంతకెళ్లే రైతులకు అదే రోడ్డు, అదే బస్సు. రేవు బాగుంటేనే తెల్లారాక ఆ పడవ మళ్లీ బయల్దేరుతుంది.